సంఘంలో ఉండేది ముసలాళ్లేనంట!

కావలి నుంచి ఒంగోలు దాకా మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే ఫార్వర్డ్ తిరుగుతా ఉంది. ఇంజనీర్ల సంఘాల్లో చేరడం డబ్బు దండగ, అక్కడుండేది రిటైరైన ముసలాళ్లే, నెట్‌వర్కింగ్ అంటే మర్యాదగా అడుక్కోవడమే, ఇంట్లో కూర్చుని రోజుకి 50 అప్లికేషన్లు పెట్టుకుంటే అదే దొరుకుతుంది, మెంబర్‌షిప్ కార్డు చూసి ఎవడూ ఉద్యోగం ఇవ్వడు అని.

కార్డు సంగతి నిజమే, ఒప్పుకుంటా. చార్టర్డ్ అకౌంటెంట్లకైతే 1949 నాటి చట్టం ఉంది, ఇన్‌స్టిట్యూట్‌లో మెంబర్ కాకపోతే ఆ పేరు పెట్టుకోవడమే కుదరదు. మన ఇంజనీర్లకి అట్లాంటి నిబంధన లేదు. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో పుట్టిన సంస్థే అయినా, దాని కార్డు జేబులో పెట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఏమీ రాదు.

మరి ముసలాళ్లు? ఉంటారబ్బా, ఉండనీ! కృష్ణపట్నం వైపు పని పోయి ఖాళీగా ఉన్నప్పుడు నేనొక ఇంజనీర్ల సంఘం మీటింగ్‌కి పోతే పక్క కుర్చీలో ఒక రిటైరైన పెద్దాయన కూర్చున్నాడు, ఆయన కింద పని నేర్చుకున్న కుర్రాళ్లే ఇప్పుడు ప్లాంట్లలో మేనేజర్లు, వాళ్లు ఆయన ఫోన్ ఎత్తుతారు, నాది ఎత్తరు.

ఇంక అడుక్కోవడం. "ఉద్యోగం ఇప్పించండి సార్" అంటే అడుక్కోవడమే, అవతల మనిషికీ ఇబ్బందే, ఆయన చేతిలో ఏముంటుంది పాపం. నేను అడిగింది వేరే: గ్రానైట్ ఫ్యాక్టరీల్లో మెషీన్ల మెయింటెనెన్స్ సొంత మనుషులతో చేయిస్తారా, కాంట్రాక్ట్‌కి ఇస్తారా, ఎలక్ట్రికల్ కూడా తెలిసుండాలా అని. పెద్దాయన అరగంట చెప్పాడు. రెండు నెలలకి ఆయనే ఫోన్ చేసి, చీమకుర్తిలో ఫలానా చోట మనిషి కావాలంట, పోయి కలువు అన్నాడు. ఇంటర్వ్యూలో పాసైంది మాత్రం నేనే, అది ఎవరూ చేసిపెట్టరు.

అప్లికేషన్లు మానేయమని నేను అనడం లేదు, నేనూ పెట్టాను. కానీ అదొక్కటే చాలంటేనే తకరారు. మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికా సోషియాలజిస్టు 1973లో అచ్చువేసిన లెక్క ఒకటుంది. పరిచయాల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లను, ఆ కబురు చెప్పిన మనిషిని అప్పట్లో ఎన్నిసార్లు కలిసేవాళ్లని అడిగితే, తరచూ అన్నవాళ్లు దాదాపు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్లు 56, ఏడాదికి ఒకసారో అంతకంటే తక్కువో అన్నవాళ్లు 28. కారణం తేలికే, రోజూ టీ బంకు దగ్గర కలిసే మన స్నేహితులకి తెలిసిన ఖాళీలు మనకీ తెలుసు, వాళ్లూ మనలాగే వెతుకుతుంటారు. కొత్త కబురు వచ్చేది ముఖపరిచయం ఉన్న మనిషి దగ్గర్నుంచే, సంఘంలో ఉండేది అట్లాంటివాళ్లే.

దండగ అనిపిస్తే ముందే ఫీజు కట్టొద్దు. రెండు మీటింగులకి ఊరికే పోయి చూడండి, చాలాచోట్ల కొత్త మనిషిని ఎవరూ బయటికి పొమ్మనరు. పోయినప్పుడు వెనక వరసలో ఫోన్ చూసుకుంటా కూర్చోకుండా కుర్చీలు సర్దడానికి ఒక చెయ్యి వేయండి, నాకు ఆ పెద్దాయన పరిచయమైంది కుర్చీలు మోసేటప్పుడే.