కారూ టవర్ చూశారు సరే, ఇంగాల్స్ బిల్డింగ్ చూశారా?

అమెరికాలోని సిన్సినాటిలో మనవాళ్ళింటికి ఇండియా నుంచి పెద్దవాళ్ళొస్తే టూరు మామూలే: కింగ్స్ ఐలాండ్, రోబ్లింగ్ వంతెన, ఫౌంటెన్ స్క్వేర్‌లో నాలుగు ఫొటోలు, పనిలో పనిగా పక్కనే ఉన్న కారూ టవర్. అక్కణ్ణుంచి ఒక్క బ్లాక్ నడిస్తే, ఫోర్త్ స్ట్రీటూ వైన్ స్ట్రీటూ కలిసే మూల మీద 16 అంతస్తుల ఇంగాల్స్ బిల్డింగ్ ఉంటుంది, దాన్నెవరూ పట్టించుకోరు. నన్నడిగితే మనూళ్ళో సొంతిల్లు కట్టించుకున్నవాళ్ళకి ముందు చూపించాల్సింది అదే.

1903లో పూర్తయిన ఈ ఆఫీసు బిల్డింగు ప్రపంచంలోనే మొట్టమొదటి ఆర్.సి.సి. (లోపల ఇనప చువ్వలు వేసి పోసిన కాంక్రీటు) ఆకాశహర్మ్యం. అప్పటిదాకా ఆర్.సి.సి.లో ఆరంతస్తులు మించి కట్టిన దాఖలా లేదు, ఈ పెద్దమనిషి మెల్విల్ ఇంగాల్స్, రైల్వే కంపెనీ ప్రెసిడెంటు, ఏకంగా పదహారు కడతానన్నాడు. సిటీవాళ్ళని ఒప్పించి పర్మిషన్ తెచ్చుకునేసరికే రెండేళ్ళు పట్టింది. గాలికి ఊగుతుందన్నారు, సొంత బరువుకే కూలుతుందన్నారు. సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా ఆనించి ఉంచే చెక్కల ఊతం) విప్పాక ఎలాగూ పడిపోతుంది, ఆ వార్త ముందు మనమే రాయాలని ఒక విలేకరి రాత్రంతా మేలుకొని కాపు కాశాడని కూడా చెప్తారు. స్లాబు పోయించి సెంట్రింగ్ విప్పే రోజు మేస్త్రీ మొహం చూస్తూ నిలబడ్డవాళ్ళెవరికైనా ఆ టెన్షన్ విడమరిచి చెప్పక్కర్లేదు.

చువ్వల సంగతి ఇంకా బాగుంటుంది. ఎర్నెస్ట్ రాన్సమ్ అనే ఇంజినీరు నలుపలకల చువ్వని మెలి తిప్పి వాడితే కాంక్రీటు గట్టిగా పట్టుకుంటుందని కనిపెట్టి 1884లో పేటెంటు తీసుకున్నాడు. ఈ బిల్డింగులో పడ్డవి ఆ చువ్వలే. మనూళ్ళలో ఒక తరం ఇళ్ళకి వేసిన టోర్ స్టీల్ గుర్తుందా? దాన్నీ మెలి తిప్పేవాళ్ళు, కాకపోతే ముఖ్యంగా చువ్వ బలం పెంచడానికి. కాంట్రాక్టులు చేసి రిటైరైన మా మామయ్యగారిని తీసుకెళ్తే, కింద పాలరాయి, మధ్యలో ఇటుక, పైన టెర్రాకోట చూసి పెదవి విరిచారు. లోపలున్నదంతా కాంక్రీటే, గోడలు ఎనిమిదంగుళాలే అని చెప్పాక మాత్రం ఎదుటి ఫుట్‌పాత్ మీంచి కదిల్తే ఒట్టు. "ఇంత పనితనం చేసి పైన ముసుగేశారేంటయ్యా" అన్నారు. నిజమే, ఆ ముసుగు వల్లే అది పక్క బిల్డింగుల్లో కలిసిపోయి కనపడకుండా పోయింది.

అమెరికన్ సివిల్ ఇంజినీర్ల సంఘం 1974లోనే దీన్ని చారిత్రక కట్టడంగా గుర్తించింది. మన అసోసియేషన్లో సివిల్ చదివి, తర్వాత సాఫ్ట్‌వేర్‌లోకి దూకినవాళ్ళు ఎంతమంది లేరు! పిల్లలకి వారం వారం కోడింగ్ క్లాసులు పెడుతున్నాం కదా, ఒక్క ఆదివారం ఆ మూల మీద నిలబెట్టి, స్లాబు ఎందుకు పడిపోదో వీళ్ళలో ఒకరు అరగంట చెప్తే చాలు. కమిటీవాళ్ళు పెద్దగా ఖర్చు పెట్టే పని కూడా లేదు.