బకెట్ దిగిపోతోంది మాస్టారూ

రాత్రి పడుకోబోయే ముందు నా మినీ ట్రాక్టరు ముందున్న బకెట్‌ని నా తలకంటే ఎత్తుకి లేపి, ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని లోపలికి వెళ్తాను. తెల్లారి లేచి చూస్తే బకెట్ నేల మీద ఉంటుంది.

మొదటి రోజు మా ఆవిడని అడిగాను. "ఆ ఇనప సామాను జోలికి నేనెందుకెళ్తానండీ" అంది. రెండో రోజు పక్కింటి కుర్రాణ్ణి అనుమానించాను. తాళం లేకుండా బళ్లు తీస్తాడని వాడికి ఊళ్లో పేరు. మూడో రాత్రి ఇక లాభం లేదని కుర్చీ, టార్చిలైటు, ఫ్లాస్కు నిండా టీ పెట్టుకుని వేపచెట్టు కింద కాపలా కూర్చున్నాను. పదింటికి నా నెత్తి మీదున్న బకెట్ పదకొండున్నరకి గడ్డం దాకా వచ్చింది. ఒంటిగంటకి బొడ్డు దగ్గరుంది. టార్చి వేస్తే ఆగినట్టే ఉంటుంది, ఆర్పి మళ్లీ వేస్తే ఇంకో బెత్తెడు కిందుంటుంది. దొంగ దొరికాడు గానీ కేసు ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

నేను ముప్పై ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. తెనాలి దగ్గర మా ఊళ్లో రెండెకరాల నిమ్మతోట, రెండు గేదెలు, ఆ గేదెల పుణ్యాన ఏడాది పొడుగునా పెరిగే పెంటపోగు ఉన్నాయి. పోగుని ట్రక్కుకెత్తి తోటలో చల్లడానికి మనుషులు దొరకడం లేదు. దొరికినవాళ్లు కూడా పోగు సైజు చూసి వెళ్లి ఫోను స్విచాఫ్ చేస్తున్నారు. పెద్ద ట్రాక్టరు నిమ్మచెట్ల మధ్య దూరదు, దూరితే కొమ్మలు మిగలవు. అందుకని ముందు బకెట్ బిగించిన పాత మినీ ట్రాక్టరు ఒకటి కొన్నాను. 18 హార్స్‌పవర్. బకెట్టూ దాని చేతులూ కంపెనీవి కావు, ఏదో షెడ్డులో వెల్డింగ్ చేసి తగిలించినవి.

చూడ్డానికి వెళ్లిన రోజున బండి కింద కొత్త గోనెసంచి పరిచి ఉంది. ఎందుకని అడిగితే "చీమలు పట్టకుండా మాస్టారూ" అన్నాడు అమ్మేవాడు. ఇనుముకి చీమలు పట్టడం ఏ పాఠంలోనూ లేదు. అయినా తల ఊపాను. మీటరు 1,240 గంటలు చూపిస్తోంది. ఇంజను నడుస్తుండగా ఇరవై నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడ్డాను. అంకె కదల్లేదు. "గంటల మీటరు కదా మాస్టారూ, గంటయితే గానీ కదలదు" అన్నాడు. అప్పటికే ఎండ మండిపోతోంది. గంటసేపు నిలబడే ఓపిక లేక లక్షా అరవై ఐదు వేలు ఇచ్చి తెచ్చుకున్నాను.

ఊళ్లోకి రాగానే దానికి నామకరణం జరిగిపోయింది. మా వైపు పొడుగాటి చెయ్యి ఉంటే ప్రొక్లెయిన్, ముందు బకెట్ ఉంటే జేసీబీ. ఫ్రాన్సు వాళ్ల పొక్లెయిన్ కంపెనీ పేరు మన నోళ్లలో పడి 'ర' వత్తు తగిలించుకుంది. జేసీబీ అంటే ఇంగ్లండులో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ గారి పొడి అక్షరాలు. నా బండి ఈ రెండు వంశాల్లో దేనికీ చెందదని ఎంత చెప్పినా వినకుండా 'పిల్ల జేసీబీ' అనేశారు.

పిల్ల జేసీబీ మొదటి రోజే నన్ను గాల్లోకి లేపింది. తడి పెంట బరువు తెలియక బకెట్ నిండా ఎత్తాను. బకెట్ లేవలేదు, వెనక చక్రాలు లేచాయి. సీటు మీద నేను, కింద భూమికి తగలకుండా తిరుగుతున్న టైర్లు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తులాదండం, ఆధారం, భారం... ఎన్నివందలసార్లు బోర్డు మీద బొమ్మ గీశానో! ముందు టైర్లే ఆధారమని మాత్రం ఆ సీటులో ఊగుతున్నప్పుడు గానీ తట్టలేదు. వెనక టైర్ల ట్యూబుల్లో ముప్పాతిక వంతు నీళ్లు నింపించాను. అది చాలక, పెరట్లో వాడకుండా పడున్న మా అత్తగారి రుబ్బురోలు వెనక లింకులకి గొలుసులతో కట్టాను. "మా అమ్మ రోలండీ అది" అంది మా ఆవిడ. "అందుకే బరువుగా ఉంది" అన్నాను. ఆ పూట నేనే అన్నం వడ్డించుకున్నాను.

సరే, బకెట్ దిగిపోవడం సంగతి. ఆయిల్ తక్కువై ఉంటుందని గేజు పుల్ల తీసి చూశాను. నిజంగానే తక్కువుంది. బకెట్ పైకెత్తి ఉండగానే డబ్బా తెచ్చి గుర్తు దాకా పోశాను. మూత పక్కన పెట్టి, పనితనం చూద్దామని లివర్ నొక్కి బకెట్ దించాను. బకెట్ పైనున్నప్పుడు దాన్ని లేపే జాకీల నిండా ఆయిల్ ఉంటుంది. కిందకి దిగితే ఆ ఆయిలంతా వెనక్కి, ట్యాంకులోకే రావాలి. ట్యాంకు అప్పటికే నిండి ఉంది. అందుకే బకెట్ నేల మీద పెట్టాకే ఆయిల్ చూడాలి. ఈ రూలు నాకు తెలిసేసరికి రెండు లీటర్ల ఆయిల్ మూత లేని బొక్కలోంచి పొంగి, బండి పక్కనుంచి కారి, పాత చీర మీద ఆరబెట్టిన గుమ్మడి వడియాల దాకా పాకింది. ద్రవం పల్లానికి ప్రవహిస్తుందని నేను చెప్పిన పాఠం తప్పు కాదని తేలింది. ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని వైపులకీ సమానంగా వ్యాపిస్తుందన్న పాస్కల్ సూత్రం కూడా ఆ సాయంత్రం మా ఇంట్లో ఏ గదిలోకి వెళ్లినా రుజువైంది.

మర్నాడు జాకీలు విప్పాను. బకెట్ నేల మీద ఆనించి, ఇంజను ఆపి, పద్ధతిగానే విప్పాను. లోపల ఆయిల్ పక్కనుంచి జారకుండా ఆపే పట్టీ, అదే సీలు, వేలితో ముట్టుకుంటే పాత చెప్పు అట్టలా పెళుసుగా ఊడొచ్చింది. కొలతలన్నీ వెర్నియర్ కాలిపర్స్‌తో తీశాను. ప్రధాన స్కేలు రీడింగు, వెర్నియర్ రీడింగు, శూన్యాంశ దోషం, అన్నీ పట్టికలో రాసుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లాను.

ఆటోనగర్ వెళ్లినవాళ్లకి తెలుసు. ఒక సందంతా బాడీలు కట్టే సుత్తి దెబ్బలు, ఇంకో సందంతా లేతు మిషన్లు, మధ్యలో టీ గ్లాసులు పట్టుకుని బళ్ల మధ్య పాముల్లా తిరిగే కుర్రాళ్లు. సీళ్ల కొట్లో పదహారేళ్ల పిల్లాడున్నాడు. నా పట్టిక ఇచ్చాను. చదవలేదు. "శాంపిల్ తెచ్చారా?" అన్నాడు. జేబులోంచి పాత సీలు ముక్క తీశాను. దాన్ని బొటనవేలికి తొడిగి చూసి, వెనక్కి తిరక్కుండానే అరలోంచి ఓ సీలు తీసి "యాభై" అన్నాడు. రూపాయలనుకుని నోటు తీశాను. "మిల్లీమీటర్లండీ" అన్నాడు. ఇంటికొచ్చి వెర్నియర్ పెట్టి చూశాను. 50.0.

సాయంత్రానికి రెండు జాకీలూ బిగించి, మా ఆవిణ్ణి బయటికి పిలిచి, సెల్ఫ్ కొట్టి లివర్ లాగాను. ఇంజను గుర్రుమంది. బకెట్ వణుకుతూ జానెడు లేచి, ఆలోచించుకుని, మళ్లీ కూర్చుంది. పాత సీలుతో దిగడానికి రాత్రంతా పట్టేది. కొత్త సీలుతో అసలు లేవడమే మానేసింది.

"బాగు చేశారన్నమాట" అంది మా ఆవిడ, లోపలికెళ్తూ.

ఇక తప్పక మెకానిక్‌ని పిలిచాను. వాడు నా దగ్గర చదువుకున్నవాడే. ఈ చుట్టుపక్కల నా దగ్గర చదువుకోని మెకానిక్ దొరకడం కష్టం, అది నా బోధన మీద వ్యాఖ్య అని కొందరంటారు. వచ్చి, విషయమంతా విని, ముందు ఒక ప్రశ్న వేశాడు.

"అసలు రాత్రిళ్లు బకెట్ పైకెందుకు లేపి పెడుతున్నారు మాస్టారూ? బండి ఆపితే బకెట్ కిందే ఉండాలి కదా. పొరపాటున ఎవరైనా కిందకెళ్తే?"

నేను గొంతు సవరించుకుంటున్నాను. వంటింట్లోంచి సమాధానం వచ్చింది. "దారిన పోయేవాళ్లకి కనపడాలని బాబూ."

వాడు మర్యాదగా నవ్వు దాచుకుని జాకీ విప్పాడు. సీలు చూడగానే చెయ్యి ఆపేశాడు. "తిరగేసి పెట్టారు మాస్టారూ. ఈ పెదవులున్న వైపు ఆయిల్‌కి ఎదురుండాలి. ఆయిలొచ్చి ఈ పెదవుల్ని విప్పితేనే గోడకి అతుక్కుంటుంది. మీరు వీపు చూపించారు, ఆయిల్ పక్కనుంచి జారిపోతోంది."

పుస్తకాలు తిరగేస్తే తర్వాత తెలిసింది, ఈ తిప్పలు నాతో మొదలు కాలేదని. 1795లో ఇంగ్లండులో, నీటి ఒత్తిడితో పనిచేసే బ్రామా ప్రెస్సుకి పేటెంటు తీసుకున్న జోసెఫ్ బ్రామాకి కూడా పాస్కల్ సూత్రం బాగానే వచ్చు. దండం పక్కనుంచి నీళ్లు కారకుండా ఆపడమే చేతకాలేదు. తోలుతో పెదవులున్న పట్టీ చేసి, నీటి ఒత్తిడే దాన్ని బిగించేలా అమర్చింది ఆయన దగ్గర పనిచేసే హెన్రీ మౌడ్స్‌లే అంటారు. నేను ముప్పై ఏళ్లు బ్రామా ప్రెస్సు బొమ్మ గీశాను. ఆ పట్టీ ఒక్కసారీ గీయలేదు.

సీలు తిప్పి బిగిస్తూ వాడు అన్నాడు: "తొమ్మిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో ఇదే బొమ్మ ఇచ్చారు మాస్టారూ. ఒత్తిడి ఎటు పోతోందో బాణం గుర్తు వెయ్యలేదని రెండు మార్కులు కోశారు."

"అంత గుర్తుందా?"

"సైన్సులో 33 వచ్చాయండీ. పాసు 35."

నేను రుబ్బురోలు వైపు చూస్తూ నిలబడ్డాను. లివర్ లాగితే బకెట్ ఝుమ్మని లేచింది. కూలి ఎనిమిది వందలన్నాడు. జీతం పెంచమని అడిగితే బ్రామా కాదన్నాడట, మౌడ్స్‌లే వెళ్లిపోయి సొంత షాపు పెట్టుకున్నాడు. ఆ కథ అప్పటికి నాకు తెలియదు గానీ, ఎందుకో బేరమాడబుద్ధి కాలేదు. "ఆ రెండు మార్కులూ..." అని ఏదో అనబోతే "ఇప్పుడెందుకులెండి" అని బండెక్కి వెళ్లిపోయాడు.

ఆ రాత్రి, ఆఖరిసారి, పరీక్ష కోసం మాత్రమే, చుట్టూ తాడు కట్టి బకెట్ పైకి లేపి, గోడ మీద సుద్దముక్కతో గీత గీశాను. తెల్లారి చూస్తే గీతకి రెండంగుళాలు కిందుంది. వెంటనే ఫోన్ చేశాను.

"కంట్రోల్ వాల్వులో ఆ మాత్రం జారడం మామూలే మాస్టారూ" అన్నాడు. కాసేపాగి, "రెండంగుళాలకే ఫెయిల్ చేసేస్తారా?" అన్నాడు.