అల్గారిథమ్ వెనక దాక్కోవడం ఇక ఆపండి

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోతోంది. లోన్ అప్లికేషన్ ఎందుకు రిజెక్ట్ అయిందో కనుక్కుందామని కాల్ చేస్తే, అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా "సారీ మేడమ్, అది మా చేతుల్లో లేదు, అల్గారిథమ్ డిసైడ్ చేసింది" అంది. ఏ రూల్ ప్రకారం అని అడిగాను. తెలియదంది. పోనీ ఎవరికి తెలుసు అని అడిగాను. "అది అల్గారిథమ్ కదా మేడమ్, ఎవరికీ తెలియదు" అంది. ఆ అమ్మాయిని నేనేమీ అనను. ఏం చెప్పమంటే అదే చెప్పింది పాపం. ఆ మాట రాసి ఆమె చేతిలో పెట్టినవాళ్ల మీదే నా కోపమంతా.

అల్గారిథమ్ కాబట్టి ఎవరికీ తెలియదా? ఇంతకంటే తలకిందుల మాట ఇంకోటి ఉంటుందా? ముందు ఏం చెయ్యాలి, తర్వాత ఏం చెయ్యాలి, ఎక్కడ ఆగాలి అన్నది అనుమానానికి తావు లేకుండా రాసిపెడితేనే దాన్ని అల్గారిథమ్ అంటారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ 1968లో తన పుస్తకంలో దానికి ఉండాల్సిన ఐదు లక్షణాలు చెప్పారు. ప్రతి అడుగూ కచ్చితంగా, స్పష్టంగా ఉండాలన్నది అందులో ఒకటి. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలోనే యూక్లిడ్ గ.సా.భా. కనుక్కునే పద్ధతి రాసిపెట్టాడు. 48, 18 తీసుకోండి. 48ని 18తో భాగిస్తే శేషం 12. 18ని 12తో భాగిస్తే శేషం 6. 12ని 6తో భాగిస్తే శేషం సున్నా. అంతే, జవాబు 6. ఎవరు చేసినా అదే 6 వస్తుంది. ఎందుకొచ్చిందని అడిగితే ఒక్కో లైనూ చూపించొచ్చు. రెండు వేల ఏళ్ల కిందటి పద్ధతిని చిన్నపిల్లలు కూడా నోట్‌బుక్‌లో చేసి చూపిస్తుంటే, నిన్న నా అప్లికేషన్‌ని తిప్పికొట్టిన పద్ధతి మాత్రం ఎవరికీ తెలియదట!

ఇక్కడ ఒకరు తప్పకుండా వస్తారు, "ఇప్పటివి మెషీన్ లెర్నింగ్ మోడల్స్ అండీ, పాత రికార్డులు చూసి వాటంతటవే నేర్చుకుంటాయి, లోపల ఏం జరుగుతుందో చెప్పడం కష్టం" అంటూ. సరే, కష్టమే. లక్షల సంఖ్యల మధ్య ఏది దేన్ని లాగిందో విడదీసి చెప్పడం నిజంగానే కష్టం. కానీ ఆ మోడల్ ఇచ్చేది ఒక స్కోరు. నాకు 0.62 వచ్చిందనుకుందాం. 0.65 కంటే తక్కువ వస్తే ఇవ్వొద్దని గీత గీసింది ఎవరు? ఏ పాత రికార్డులు చూపించి దానికి నేర్పించాలో ఎంచుకుంది ఎవరు? స్కోరు తక్కువొస్తే ఒక మనిషి ఇంకోసారి చూడనక్కర్లేదని తీర్మానించింది ఎవరు? ఇవన్నీ ఏసీ గదిలో కూర్చుని మనుషులు తీసుకున్న నిర్ణయాలు. వాటికి తేదీలుంటాయి, మెయిల్స్ ఉంటాయి, ఓకే చెప్పినవాళ్ల పేర్లుంటాయి. యూరప్‌లో 2018 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ దాగుడుమూతలు కనిపెట్టే, ఇలాంటి పూర్తి ఆటోమేటిక్ నిర్ణయాల్లో చాలావాటికి మనిషి చేత మళ్లీ చూడమని అడిగే హక్కు ఇచ్చింది. అంటే చూడగలిగే మనిషి ఉంటాడనే కదా!

మనం కూడా ఈ మాటకి బాగా అలవాటు పడిపోయాం. సోషల్ మీడియాలో మన పోస్టులకి రీచ్ తగ్గితే "అల్గారిథమ్ తొక్కేస్తోంది" అంటాం. దానికి మన మీద పగేం ఉంటుంది? జనాన్ని ఎక్కువసేపు కూర్చోబెట్టే పోస్టులే పైకి రావాలని ఎవరో లక్ష్యం పెట్టారు, అది పనిచేస్తోంది. తిట్టాల్సింది ఆ లక్ష్యాన్ని, దాన్ని పెట్టినవాళ్లని.

అన్నిటికంటే నన్ను కాల్చేసేది 2020లో బ్రిటన్ పిల్లలకు జరిగింది. కరోనా వల్ల ఎ-లెవెల్ పరీక్షలు, అంటే మన ఇంటర్ లాంటివి, రద్దయ్యాయి. టీచర్లు ఒక్కో పిల్లకి రావాల్సిన గ్రేడు అంచనా వేసి, క్లాసులో ఎవరి తర్వాత ఎవరో వరస కూడా రాసిచ్చారు. ఇంగ్లండ్‌లో పరీక్షలను పర్యవేక్షించే ఆఫ్‌క్వాల్ ఏం చేసిందంటే, ఆ స్కూల్లో అంతకుముందు ఏళ్లలో వచ్చిన ఫలితాల్ని అచ్చులా పెట్టి ఈ పిల్లల్ని అందులో కుక్కింది. పాత బ్యాచ్‌లకు మంచి గ్రేడ్లు రాని స్కూల్లో ఈ ఏడాది ఎంత తెలివైన పిల్ల ఉన్నా ఆమెకు చోటు లేదు. చాలా తక్కువమంది ఉన్న క్లాసులకు మాత్రం టీచర్ల అంచనానే ఉంచారు. అలాంటి చిన్న క్లాసులు ఎక్కువగా ఉండేది ఫీజులు కట్టే ప్రైవేటు స్కూళ్లలో! దాదాపు 40 శాతం గ్రేడ్లు టీచర్లు చెప్పినదానికంటే కిందికి పడ్డాయి. పిల్లలు రోడ్డెక్కితే నాలుగు రోజుల్లో, ఆగస్టు 17న, వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ ఒక స్కూలుకెళ్లి, పిల్లల ముందే, అదంతా ఒక 'మ్యూటెంట్ అల్గారిథమ్' (వైరస్‌లా రూపం మార్చుకున్న అల్గారిథమ్) వల్ల జరిగిందన్నారు. అదేమన్నా తనంతట తాను పుట్టిన వైరస్సా? అది చెప్పింది చెప్పినట్టే చేసింది. పాత ఫలితాల అచ్చులోకి సర్దమన్నారు, సర్దింది. గ్రేడ్లు పెరిగిపోకూడదన్నది పెద్దల కోరిక, దాన్ని తీర్చింది.

ఈ సంగతి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు. ఎందుకంటే అదే అచ్చులో నన్నూ కుక్కారు. అప్పట్లో నేను పనిచేసిన కంపెనీలో అప్రైజల్స్‌కి బెల్ కర్వ్ ఉండేది. టీమ్‌లో అందరూ ఎంత బాగా చేసినా ఇంతమంది పైన, ఇంతమంది మధ్యలో, ఇంతమంది అడుగున ఉండి తీరాలి. ఆ ఏడాది మా ప్రాజెక్టు టైమ్‌కి డెలివరీ అయింది, క్లయింట్ మెచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టాడు. అయినా అడుగున ఎవరో ఒకరు పడాలి కదా, నన్ను పడేశారు. మేనేజర్ నా ముఖం చూడకుండా "సిస్టమ్‌లో అల్గారిథమ్ అలా ఇచ్చిందమ్మా, నేనేం చెయ్యలేను" అన్నాడు. తర్వాత హెచ్‌ఆర్‌లో ఉన్న స్నేహితురాలు చెప్పింది: ఆ సాఫ్ట్‌వేర్‌కి వెళ్లేది ఒకే ఒక్క ఫైలు, అందులో మమ్మల్ని ఒకటి నుంచి చివరిదాకా వరసపెట్టి టైప్ చేసేది మేనేజరే. సాఫ్ట్‌వేర్ చేసిందల్లా ఆ వరసని శాతాల ప్రకారం ముక్కలు కొట్టడం. నా పేరు చివర టైప్ చేసింది ఆయన వేళ్లే. ప్రసూతి సెలవు నుంచి తిరిగొచ్చిన ఏడాది కాబట్టి పెట్టాను అని చెప్పే ధైర్యం ఆయనకి లేకపోయింది. ఆయన ఇప్పుడు ఎక్కడో వైస్ ప్రెసిడెంట్. మొన్న 'బాధ్యతాయుతమైన అల్గారిథమ్స్' అని ప్యానెల్‌లో మాట్లాడుతున్న ఫొటో పెట్టాడు. దాని కింద కామెంట్లలో మా పాత టీమ్ వాళ్లు చప్పట్లు కొడుతున్నారు, ఆ ఫైల్లో నాకంటే ఒక్క లైను పైన ఉన్నవాడితో సహా.