వైరస్ చావాలి, రూపం చెదరకూడదు

చంపిన వైరస్‌తో టీకా తయారు చేయడం పాత పద్ధతే. ఆ చంపే పనిని రసాయనాలకు బదులు రేడియేషన్‌తో చేస్తే ఎలా ఉంటుందన్నదే ఇక్కడి ప్రశ్న. 1955 నాటి సాల్క్ పోలియో టీకా, మొన్నటి కోవాగ్జిన్ రెండూ ఆ కోవలోవే. చంపడానికి మొదటిదానిలో ఫార్మాల్డిహైడ్, రెండోదానిలో బీటా ప్రొపియోలాక్టోన్ అనే రసాయనాలు వాడారు. రసాయనంతో చిక్కేమిటంటే, అది వైరస్ జన్యువుతో పాటు పైనున్న ప్రోటీన్ల జోలికీ వెళ్తుంది. మన రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టి దాడి చేయాల్సింది ఆ ప్రోటీన్ల మీదే. వాటి ఆకారం మారిపోతే టీకా వేసుకున్నా శరీరం తప్పు శత్రువుని గుర్తుంచుకుంటుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. 1955లోనే అమెరికాలో కట్టర్ సంస్థ తయారు చేసిన పోలియో టీకా కొన్ని బ్యాచుల్లో బతికున్న వైరస్ మిగిలిపోయింది. పదిమంది చనిపోయారు, ఎంతోమందికి పక్షవాతం వచ్చింది. వైరస్‌లు గుంపుగా అంటుకుపోతే లోపలున్నవాటికి ఫార్మాల్డిహైడ్ సరిగా అందదు. ఆనాటి వైఫల్యానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి.

రేడియేషన్‌లో ఒక రకమైన గామా కిరణాలకు ఈ అడ్డం లేదు, గుంపు గుండా దూసుకుపోతాయి. పైగా ఒక్కో వైరస్‌లో జన్యువు ఒకటే పొడవాటి అణువు అనుకుంటే, ఎక్కడ తెగినా నకలు తీసుకోవడం ఆగిపోతుంది. పైపొర ప్రోటీన్లు మాత్రం పదుల, వందల సంఖ్యలో ఉంటాయి. కొన్ని పాడైనా మిగిలినవి పనికొస్తాయి. రేడియేషన్ మీద ఆశ అంతా ఈ లెక్క మీదే నిలబడింది.

కానీ లెక్క అంత సూటిగా సాగదు. జన్యువు చిన్నదైతే తగిలే అవకాశం తగ్గుతుంది కాబట్టి మోతాదు పెంచాలి. కరోనా జన్యువు దాదాపు 30,000 అక్షరాలైతే పోలియోది సుమారు 7,500 మాత్రమే. మోతాదు పెంచితే ద్రావణంలోని నీరు విచ్ఛిన్నమై హైడ్రాక్సిల్ రాడికల్స్ (దగ్గరున్న అణువులతో వెంటనే చర్య జరిపే చురుకైన ముక్కలు) ఎక్కువగా పుడతాయి, అవి వెళ్లి మనం కాపాడుకోవాలనుకున్న ప్రోటీన్లనే దెబ్బతీస్తాయి. అందుకే వైరస్‌ను డ్రై ఐస్‌లో గడ్డకట్టించి కిరణాలు వేస్తారు. రాడికల్స్ కదల్లేవు, ప్రోటీన్లు నిలుస్తాయి. అయితే ఆ రాడికల్స్ జన్యువుని కూడా తెంచుతుండేవి కదా, ఆ సాయం పోయింది గనుక మోతాదు ఇంకా పెంచాలి! రేడియేషన్‌ను తట్టుకునే డైనోకాకస్ అనే బ్యాక్టీరియా నుంచి నేర్చుకుని, మాంగనీసు సమ్మేళనాలను కవచంగా వాడే ప్రయత్నాలు కూడా జరుగుతున్నాయి. నా దృష్టిలో ఈ రంగంలో అసలైన పని ఇలా ప్రోటీన్లను కాపాడటమే. కిరణాలతో వైరస్‌ను చంపడం ఒక్కటే అయితే పెద్ద కష్టం కాదు.

జనానికి ఉండే టెన్షన్ మాత్రం వేరు. ‘రేడియేషన్ టీకా’ అనగానే శరీరంలోకి రేడియోధార్మికత వెళ్తుందని భయం. ఈ పనికి వాడే కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం నుంచి వచ్చే గామా కిరణాల శక్తి ఏ పదార్థాన్నీ రేడియోధార్మికంగా మార్చేంత కాదు. సిరంజీలను, ఆపరేషన్ గ్లవ్స్‌ను ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతిలో స్టెరిలైజ్ చేస్తున్నారు.

తక్కువ శక్తి ఎలక్ట్రాన్ కిరణాలతో జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు చేస్తున్న పని నాకు ఇంకా ఆచరణయోగ్యంగా కనిపిస్తోంది. కోబాల్ట్ అక్కర్లేదు, స్విచ్ ఆపేస్తే కిరణాలు ఆగుతాయి, మందపాటి కాంక్రీటు గోడలూ అవసరం లేదు. కాకపోతే ఆ ఎలక్ట్రాన్లు మిల్లీమీటరు లోతుకి కూడా వెళ్లవు కాబట్టి ద్రవాన్ని పలచని పొరగా పారించాలి.

తర్వాతి మహమ్మారికి ఇదే మందు అనే మాటలు మాత్రం అతిశయోక్తే. చంపడానికి ముందు ఆ ప్రమాదకరమైన వైరస్‌ను పెద్ద ఎత్తున పెంచాలి, దానికి గట్టి రక్షణలున్న ల్యాబ్ కావాలి. ఎంఆర్ఎన్ఏ టీకాకు జన్యుక్రమం తెలిస్తే చాలు. ఆ వేగంతో రేడియేషన్ పోటీ పడలేదు. పశువుల టీకాల్లో మాత్రం దీనికి చోటుంది. ఊపిరితిత్తుల్లో చేరే ఒక పురుగుకి వ్యతిరేకంగా, కిరణాలతో బలహీనపరిచిన లార్వాలనే టీకాగా ఐరోపాలో దశాబ్దాలుగా పశువులకు ఇస్తున్నారు. అది వైరస్ కాదు, చంపడం కూడా కాదు. అయినా ఫ్యాక్టరీ స్థాయిలో నడిచిన అనుభవం అక్కడుంది. డబ్బు పెట్టేవాళ్లు ముందు అటు చూడాలి.