సవరణ: ఐరన్ మెయిడెన్ ఆ ఆరేళ్ళూ ఖాళీగా లేదు

బ్రిటిష్ హెవీ మెటల్ బ్యాండ్ ఐరన్ మెయిడెన్ మీద మొన్న పెట్టిన పోస్టులో, 1993లో గాయకుడు బ్రూస్ డికిన్సన్ వెళ్ళిపోయాక 1999 దాకా బ్యాండ్ ఆగిపోయిందని ఉంది. అలా కాదు. మధ్యలో మరో బ్యాండ్ వుల్ఫ్స్‌బేన్ నుంచి వచ్చిన బ్లేజ్ బేలీ పాడాడు, 1995లో ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’, 1998లో ‘వర్చువల్ ఇలెవెన్’ అని రెండు ఆల్బమ్‌లు కూడా వచ్చాయి. బేలీది కాస్త కింది స్థాయి గొంతు, దాంతో స్టేజీ మీద బ్రూస్ పాత పాటలు పాడాల్సి వచ్చినప్పుడల్లా పాపం అవస్థపడేవాడు, జనం తిట్టిందీ ఎక్కువగా అందుకే. కానీ ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ ఆ కాలపు పాటే! 2001లో బ్రెజిల్‌లోని రియోలో అంత పెద్ద జనం ముందు, మళ్ళీ బ్యాండ్‌లోకి వచ్చిన బ్రూసే దాన్ని పాడాడంటే ఇక వేరే సాక్ష్యం ఎందుకు?

ఇంకోటి, 1999లో పాత గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చినప్పుడు, అతని స్థానంలో వచ్చిన జానిక్ గెర్స్‌ని తీసేయలేదు, డేవ్ మర్రేతో కలిపి ముగ్గురు గిటారిస్టులయ్యారు.

అలాగే బ్యాండ్ తొలి గాయకుడు పాల్ డియానో కాదు, పాల్ డే. డియానో 1978లో వచ్చాడు, మొదటి రెండు ఆల్బమ్‌ల గొంతు మాత్రం అతనిదే.