ఉప్పెనకూ సునామీకీ తేడా చెప్పని చదువు

2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆరున్నర ప్రాంతంలో సుమత్రా తీరాన 9.1 తీవ్రతతో భూమి కంపించినప్పుడు చెన్నైలోనూ కొందరికి ప్రకంపనలు తెలిశాయి. రెండు గంటలు దాటాక మెరీనాలో సముద్రం విరుచుకుపడింది. ఆ రెండు గంటలూ వృథా కావడానికి ఒక కారణం హెచ్చరిక వ్యవస్థ లేకపోవడం. ఆ లోటును 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రం తీర్చింది. రెండో కారణం తరగతి గదిలో ఉంది, అది ఇప్పటికీ తీరలేదు.

చెన్నైలో స్థిరపడిన కోస్తా కుటుంబాలకు సముద్ర భయమంటే 1977 దివిసీమ ఉప్పెనే. ఉప్పెన తుపానుతో వస్తుంది కనుక గాలీ వానా ముందే కబురు పెడతాయి. భూకంపం సముద్రగర్భాన్ని పైకెత్తితే పుట్టే సునామీకి వాతావరణంతో నిమిత్తమే లేదు. ఆకాశం తేటగా ఉంటే భయం లేదన్న ఇంటి జ్ఞానాన్ని సరిదిద్దాల్సిన బడి, నాభికీ (భూకంపం భూమి లోపల పుట్టే చోటు) అధికేంద్రానికీ (దానికి సరిగ్గా పైన ఉండే నేలమీది చోటు) నిర్వచనాలు వల్లె వేయించి ఊరుకుంటోంది.

నిజానికి ఈ పాఠం పదో తరగతి లెక్కల్లోనే ఇమిడిపోతుంది. సముద్రపు లోతును గురుత్వ త్వరణంతో గుణించి వర్గమూలం తీస్తే సునామీ వేగం వస్తుంది. నాలుగు వేల మీటర్ల లోతులో అది సెకనుకు 200 మీటర్లు, అంటే గంటకు 720 కిలోమీటర్లు; తీరం దగ్గర పది మీటర్ల లోతుకు చేరేసరికి 36 కిలోమీటర్లకు పడిపోతుంది. ముందున్న నీరు నెమ్మదిస్తుంటే వెనకనున్నది తరుముకొస్తుంది, అందుకే నడిసముద్రంలో పడవవాడికి తెలియని అల ఒడ్డున గోడై లేస్తుంది. ఈ లెక్క తన చేతులతో వేసిన పిల్లవాడు దాన్ని మరచిపోడు. 2012 ఏప్రిల్ 11న అదే సుమత్రా వైపు 8.6 తీవ్రతతో కంపించినా పెద్ద అల ఎందుకు రాలేదో కూడా అతడే చెప్పగలడు: పలకలు అడ్డంగా జరిగాయే తప్ప సముద్రగర్భాన్ని పెద్దగా పైకెత్తలేదు.

పిల్లలను భయపెట్టడమెందుకు, సైరన్లున్నాయి కదా అనేవారున్నారు. సైరన్ మోగితే ఎటు పరుగెత్తాలో సైరన్ చెప్పదు.

సుమత్రా పక్కనున్న సిమెలూ ద్వీపానిది మరో దారి. 1907 నాటి సునామీని అక్కడివారు ‘స్మోంగ్’ అన్న ఒక్క మాటలో, పాటల్లో, జోలల్లో దాచుకున్నారు. 2004లో నేల కదలగానే ఆ మాట అరుస్తూ కొండలెక్కారు. అధికేంద్రానికి అంత చేరువలో ఉన్నా, డెబ్బై వేలు దాటిన జనాభాలో మృతులు పదిలోపే. మన నోళ్లలో అలాంటి మాట లేదు. ఇంటి తెలుగునూ బడి శాస్త్రాన్నీ వేరు చేసి కూర్చోబెట్టిన మనకు అదెలా పుడుతుంది?

వచ్చే ఏడాది చెన్నై బడుల్లో నిర్వచనం అడిగే ప్రశ్నను తీసేసి ఇది పెట్టి చూడండి: ‘ఉదయం ఆరున్నరకు మీ ఇంట్లో ఫ్యాను దానంతటదే ఊగింది. ఆకాశం నిర్మలంగా ఉంది. తమ్ముడు బీచ్‌లో క్రికెట్ ఆడుతున్నాడు. ముందు ఏం చేస్తావు, ఎందుకు?’