బొంత తిరగేసి చూపించండి

బొంతల ఫొటోలు పెట్టేవాళ్ళకి ఒకటే మాట. పైవైపు చూశాం, బాగుంది. ఇక తిరగేసి చూపించండి. జానెడుకో ముడి, ముడికో తోక. ఏటండీ ఇది? పాత నేతచీరలు నాలుగైదు పొరలు పరిచి, రోజుల తరబడి కుట్టి, చివరికి దారం కొసని గాలికి వదిలేస్తారా?

"అడుగున ఎవరు చూస్తారు" అంటారు. కాలి మెట్టె చూసుకుంటుంది. నిద్రలో ముడి దానికి తగులుకుందంటే ఒక్క లాగుకి నాలుగు కుట్లు దగ్గరికి ముడుచుకుంటాయి. పైగా మన విశాఖ ఉక్కపోతకి బొంతని మాటిమాటికీ ఉతకాల్సిందే. తడి బొంత పిట్టగోడ మీద వేలాడుతుంటే ఆ బరువు కుట్లని లాగుతుంది. ముడి కాస్త జారిందా, ఆ వరస అక్కడి నుంచి వదులైపోతూ వస్తుంది.

అసలు బద్ధకం ఎక్కడ మొదలవుతుందో లెక్క కడదాం. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు బొంతకి 2 అంగుళాలకో వరస వేస్తే 30 వరసలు, అంటే 210 అడుగుల కుట్టు. మూరెడు దారం కొసలు పోగా అడుగు దూరం వస్తుంది. అంటే దారానికి రెండేసి చొప్పున దాదాపు 400 కొసలు! అందుకే బారెడు దారం ఎక్కిస్తారు. అది గుడ్డలోంచి దూరి దూరి నూగు లేచి, మెలిపడి, మధ్యలో తెగుతుంది. దీనికో ఉపాయం ఉంది. రెండు మూరల దారం తీసుకుని వరస మధ్యలో మొదలుపెట్టండి. సగం దారం వేలాడనిచ్చి ఒకవైపు కుట్టి, తర్వాత ఆ సగాన్ని సూదికెక్కించి రెండోవైపు కుట్టండి. మొదటి ముడి అక్కర్లేదు, కొసలు సగానికి సగం తగ్గుతాయి.

ఇక ముగింపు. దారం అయిపోయేదాకా కుట్టకండి, బెత్తెడైనా మిగలాలి. సూదికి దారం రెండు మూడు చుట్లు చుట్టి, చుట్లని బొటనవేలితో నొక్కిపట్టి సూది లాగితే ఆవగింజంత ముడి పడుతుంది. అది గుడ్డకి పావు అంగుళం ఎత్తులో ఉండాలి. తర్వాత కుట్టు ఆగిన చోటే సూది దించి, అడుగు పొర తగలకుండా పొరల మధ్యే అంగుళం నడిపి పైకి తియ్యండి. చిన్నగా గుంజితే ముడి టప్పున లోపలికి దూకుతుంది. కొసని కాస్త లాగిపట్టి కత్తిరిస్తే మిగిలింది తనే లోపలికి జారుకుంటుంది. కన్నం కనిపిస్తే గోటితో రుద్దండి, పోగులు సర్దుకుంటాయి.

దూది పరిచిన బొంతలో ఆ అంగుళం చాలు, దూది దారాన్ని పట్టుకుంటుంది. చీరల పొరలు నున్నగా ఉంటాయి కాబట్టి అంగుళం వెళ్ళాక మధ్య పొరలో రెండు పోగులు ఎత్తి, వెనక్కి అరంగుళం తిప్పండి. చీర మరీ చివికిపోయి ఉంటే ముడి వద్దేవద్దు, దూకేటప్పుడు చింపేస్తుంది. ఒకే చోట రెండు చిన్న వెనక్కుట్లు వేసి కొస దాచండి. తెల్లచీర కింద నల్లదారం కొస దాచినా నీడలా కనిపిస్తుంది, దాన్ని ముదురు ముక్క కిందికి నడపండి. పూర్ణా మార్కెట్లో రీలు కొనేటప్పుడు నూలు దారమే అడగండి. పాలిస్టర్ నున్నన, ముడి తేలిగ్గా జారుతుంది.

మిషన్ వాళ్ళు రివర్స్ కొట్టి కత్తిరించి చేతులు దులుపుకుంటారు. అక్కడ గట్టి బుడిపె తేలి చేతికి తగులుతుంది. మొదట్లోనే చక్రం చేత్తో ఒక చుట్టు తిప్పి బాబిన్ దారం, అంటే మిషన్ కింది దారం, పైకి లాగండి, రెండు కొసలూ జానెడు వదలండి. కుట్టాక కుడి మీద ఎడమ, ఎడమ మీద కుడి వేసి ముడేసి, రెండూ ఒకే సూదికెక్కించి పొరల్లోకి పంపండి. అంత ఓపిక లేకపోతే మొదటి, చివరి పావు అంగుళం కుట్టు పొడవు అర మిల్లీమీటరుకి తగ్గించండి.

కొస మరీ పొట్టిగా తెగిపోతే సూదికి దారం ఎక్కించి గుచ్చడం కుదరదు. ముందు ఉత్త సూదినే గుడ్డలో గుచ్చి, బెజ్జం కొస పక్కనే ఉండేలా ఆపి, అప్పుడు దారం ఎక్కించి లాగండి. అరంగుళం కొస ఉన్నా పని జరుగుతుంది. ఇది తెలియకే కొందరు ముడి మీద గోళ్ళరంగు చుక్క పెడుతున్నారు. ఎండాక అది గరుకుగా పసిపిల్లల ఒంటికి గీసుకుంటుంది.